పాట కింద ఎవరి పేరు? ద జాంబీస్ కథ

1969 మార్చిలో అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 'టైమ్ ఆఫ్ ద సీజన్' అనే పాట మూడో స్థానానికి చేరింది. పది లక్షలకు పైగా రికార్డులు అమ్ముడుపోయాయి. పాడింది ద జాంబీస్ అనే ఇంగ్లిష్ బ్యాండ్. చిక్కల్లా ఏమిటంటే, అప్పటికి ఆ బ్యాండ్ లేదు. విడిపోయి పదిహేను నెలలైంది.

పాశ్చాత్య సంగీతం గురించి రాసేవాళ్ళకి ఈ కథంటే మహా ఇష్టం. గొప్ప ఆల్బమ్, పట్టించుకోని లోకం, ఆలస్యంగా దక్కిన కీర్తి. మనకీ ఇలాంటి కథలు నచ్చుతాయి, ఎందుకంటే వీటిలో తప్పంతా లోకానిది. చివర్లో లోకం కళ్ళు తెరుస్తుంది కాబట్టి మనసూ కుదుటపడుతుంది. కానీ జాంబీస్ చరిత్రను మొదట్నించీ చదువుకుంటూ వస్తే నాకు వేరే కథ కనిపించింది. వాళ్ళని విడగొట్టింది లోకపు చెవిటితనం ఒక్కటే కాదు. పాట కింద ఎవరి పేరు పడుతుంది అన్న చిన్న విషయం కూడా.

లండన్‌కి ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ అనే ఊరుంది. 1961లో అక్కడి స్కూలు కుర్రాళ్ళు కొందరు కలిసి బ్యాండ్ పెట్టారు. మొదట పాడాల్సింది రాడ్ ఆర్జెంట్, గిటార్ వాయించాల్సింది కాలిన్ బ్లన్‌స్టోన్. రిహార్సల్ మధ్యలో ఆర్జెంట్ పియానో వాయిస్తుంటే బ్లన్‌స్టోన్ విన్నాడు, బ్లన్‌స్టోన్ పాడుతుంటే ఆర్జెంట్ విన్నాడు. స్థానాలు మార్చుకున్నారు. పాల్ అట్కిన్సన్ గిటార్, హ్యూ గ్రండీ డ్రమ్స్. కొన్నాళ్ళకి క్రిస్ వైట్ బేస్ గిటార్‌తో చేరాడు. 1964లో ఒక పత్రిక నడిపిన బ్యాండ్ల పోటీలో గెలిచారు. డెక్కా కంపెనీ కాంట్రాక్టు ఇచ్చింది.

మొదటి రికార్డింగ్‌కి ముందు నిర్మాత కెన్ జోన్స్ వీళ్ళతో, కావాలంటే మీరే ఏదైనా రాసుకోవచ్చు కదా అన్నాడు. ఆర్జెంట్ వెళ్ళి 'షీ ఈజ్ నాట్ దేర్' రాసుకొచ్చాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు లేవు. మిగతా ఇంగ్లిష్ బ్యాండ్లన్నీ గిటార్ల మోత మీద నడుస్తున్న రోజుల్లో ఈ పాట ఎలక్ట్రిక్ పియానో మీద, మైనర్ కీలో, కాస్త జాజ్ వాసనతో నడుస్తుంది. దాని మీద బ్లన్‌స్టోన్ గొంతు, సగం స్వరం, సగం ఊపిరి. ఇంగ్లండ్‌లో పన్నెండో స్థానం, అమెరికాలో రెండో స్థానం. ఆ డిసెంబర్లో కుర్రాళ్ళు న్యూయార్క్‌లో, బ్రూక్లిన్‌లోని ఫాక్స్ థియేటర్ స్టేజీ మీద ఉన్నారు.

ఇక్కడ కాస్త లెక్కల్లోకి వెళ్ళాలి. ఒక పాప్ రికార్డు మీద రెండు హక్కులుంటాయి. ఒకటి పాట మీద, అంటే బాణీ, సాహిత్యం. రెండోది రికార్డింగ్ మీద. పాట రాసినవాళ్ళదీ వాళ్ళ పబ్లిషర్‌దీ. రికార్డింగ్ సాధారణంగా కంపెనీది. దాని అమ్మకాల్లో బ్యాండ్‌కి వచ్చేది చిన్న శాతం, దాన్ని అందరూ పంచుకోవాలి. రేడియో సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే ఈ రోజుకీ రాసినవాళ్ళకి డబ్బు వస్తుంది. పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ ఒక్క సెంటు రాదు.

పైగా సింగిల్ రికార్డుకి వెనకవైపు ఇంకో పాట ఉంటుంది. దాన్నెవరూ పెద్దగా వినకపోయినా పర్లేదు, రికార్డు అమ్ముడైతే రెండువైపులా రాసినవాళ్ళకి రాయల్టీ ముడుతుంది. 'షీ ఈజ్ నాట్ దేర్' వెనకవైపు పాట రాసింది క్రిస్ వైట్. అలా ఒక్క రికార్డుతో అయిదుగురు స్నేహితులు రెండు రకాల మనుషులయ్యారు. ఇంట్లో కూర్చున్నా డబ్బు వచ్చేవాళ్ళు ఇద్దరు, వ్యాన్ ఎక్కి ఊళ్ళు తిరిగితేనే డబ్బు వచ్చేవాళ్ళు ముగ్గురు.

హిట్లు వస్తున్నంత కాలం ఈ తేడా ఎవరికీ కనబడదు. 1965లో 'టెల్ హర్ నో' అమెరికాలో ఆరో స్థానం దాకా వెళ్ళింది, ఇంగ్లండ్‌లో మాత్రం మొదటి నలభైలోకి కూడా రాలేదు. ఆ తర్వాత సింగిల్ వెనక సింగిల్ వచ్చి వెళ్ళిపోయింది. సొంత దేశంలో ఒకే ఒక్క హిట్ పాట బ్యాండ్‌గా మిగిలారు. 1967లో ఫిలిప్పీన్స్ వెళ్తే, అక్కడ తమ పాటలు ఎంత హిట్టో దిగాక గానీ వాళ్ళకి తెలియలేదు. మనీలాలోని అరనేటా కొలీసియంలో వేల మంది జనం. వీళ్ళ చేతికి వచ్చింది మాత్రం చిల్లర. ఎక్కడ ఎంత అమ్ముడవుతోందో బ్యాండ్‌కి తెలియని, తెలుసుకునే దారి కూడా లేని కాలం అది.

ఆ ఏడాదే డెక్కాతో బంధం తెగి సీబీఎస్ కంపెనీకి మారారు. ఆల్బమ్ చెయ్యడానికి వెయ్యి పౌండ్లు ఇచ్చారు. ఇంతకుముందు నిర్మాత చేతిలో తమ పాటలు చప్పబడ్డాయని ఆర్జెంట్, వైట్‌ల బాధ. ఈసారి వాళ్ళే నిర్మాతలు. జూన్‌లో అబీ రోడ్ స్టూడియోలో పని మొదలుపెట్టారు. కొన్ని వారాల ముందే బీటిల్స్ 'సార్జెంట్ పెపర్స్' ముగించి వెళ్ళిన చోటు. వాళ్ళు వదిలేసిన మెలోట్రాన్ అక్కడే ఉంది. మీట నొక్కితే టేపు మీద ముందే రికార్డు చేసి పెట్టిన వయొలిన్లో, ఫ్లూట్లో పలికే వాయిద్యం అది. ఆర్కెస్ట్రాని పిలిచే స్తోమత లేని ఆర్జెంట్ ఆల్బమంతా దాన్నే వాడుకున్నాడు.

బీటిల్స్‌లాగా నెలల తరబడి స్టూడియోలో కూర్చుని ప్రయోగాలు చేసే వీలు వీళ్ళకి లేదు. పాటలన్నీ బయటే గట్టిగా సాధన చేసుకుని, లోపలికొచ్చి వెంటనే రికార్డు చేసి వెళ్ళిపోయేవాళ్ళు. 'ఒడిస్సీ అండ్ ఓరకిల్' ఇప్పుడు విన్నా బరువుగా అనిపించకపోవడానికి అదో కారణం అనుకుంటాను. అలంకారాలు పేర్చడానికి టైమ్ లేదు. మొదటి పాటే చూడండి: హుషారైన బాణీ, ఎండకాసినట్టుండే కోరస్. ఎవరో ప్రియురాలికి రాస్తున్న ఉత్తరం. కాసేపటికి గానీ అర్థం కాదు, ఆ అమ్మాయి జైల్లో ఉంది, విడుదల కాబోతోంది. 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ' పేరు ఫాక్నర్ కథ నుంచి తెచ్చుకున్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడైన ఒక కసాయి చెప్పుకునే పాటను క్రిస్ వైట్ స్వయంగా పాడాడు, ఆ వణికే గొంతే దానికి సరిపోయింది.

మోనో మిక్సింగ్ అయ్యాక కంపెనీ స్టీరియో కూడా కావాలంది. వెయ్యి పౌండ్లూ అప్పటికే ఖర్చయిపోయాయి. ఆర్జెంట్, వైట్ తమ రాయల్టీల్లోంచి రెండు వందల పౌండ్లు పెట్టి స్టీరియో చేయించారు. పెట్టగలిగింది వాళ్ళిద్దరే కాబట్టి పెట్టారు. 'దిస్ విల్ బీ అవర్ ఇయర్' పాట దగ్గర ఇంకో ఇబ్బంది. అందులోని బాకాలను మోనో మిక్స్ చేస్తున్నప్పుడే నేరుగా కలిపేశారు, విడి ట్రాక్ లేదు. అందుకని ఆ పాట అసలైన స్టీరియోకి నోచుకోలేదు. మీరు వింటుంటే ఆ ఒక్క పాట దగ్గర సంగీతం సన్నబడినట్టు అనిపిస్తే, మీ హెడ్‌ఫోన్స్ తప్పేం లేదు.

'టైమ్ ఆఫ్ ద సీజన్' రాసింది చివర్లో. అప్పటికే అందరూ అలసిపోయి ఉన్నారు. పాట ఇలా పాడు, అలా కాదు అని ఆర్జెంట్ సరిదిద్దుతుంటే బ్లన్‌స్టోన్‌కి చిర్రెత్తి, అంత తెలిస్తే నువ్వే వచ్చి పాడుకో అన్నాడు. చివరికి అతనే పాడాడు. నవంబర్లో ఆల్బమ్ పని ముగిసింది. రెండు సింగిల్స్ వచ్చాయి, రెండూ పోయాయి. కచేరీలకి ఇచ్చే డబ్బు తగ్గిపోతోంది. అట్కిన్సన్‌కి కొత్తగా పెళ్ళయింది, ఇల్లు గడవాలి. డిసెంబర్లో ఆఖరి కచేరీ చేసి, పెద్ద గొడవలేమీ లేకుండా విడిపోయారు. ముందు చాలించాలనుకున్నది పాటలు రాయనివాళ్ళు. ఆర్జెంట్, వైట్ అప్పటికే కొత్త బ్యాండ్ గురించి ఆలోచిస్తున్నారు. బ్లన్‌స్టోన్ లండన్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగానికి చేరాడు.

1968 ఏప్రిల్లో ఆల్బమ్ బయటికొచ్చేసరికి దాన్ని వేదిక మీద వాయించడానికి ఎవరూ లేరు. అట్ట బొమ్మ వేసిన టెరీ క్విర్క్ 'ఒడిస్సీ' స్పెల్లింగ్‌లో మొదటి 'వై' ఉండాల్సిన చోట 'ఈ' వేశాడు. చూసుకునేసరికి ఆలస్యమైపోయింది. అది కావాలనే చేశామని ఆర్జెంట్ చెబితే, బ్యాండ్‌లో మిగతావాళ్ళు కూడా చాలా ఏళ్ళు నమ్మారట.

దీన్ని అమెరికాలో బతికించింది ఆల్ కూపర్. సంగీతకారుడు, అప్పుడు కొలంబియా రికార్డ్స్‌లో ఉద్యోగి. లండన్ వెళ్ళినప్పుడు ఈ రికార్డు విని, దీన్ని మనం వదులుకోకూడదని కంపెనీలో పట్టుబట్టాడు. కంపెనీ ముందుగా ఆ కసాయి పాటను సింగిల్‌గా వదిలింది, వియత్నాం రోజులు కాబట్టి పట్టుకుంటుందని. పట్టుకోలేదు. చివరికి 'టైమ్ ఆఫ్ ద సీజన్' పట్టుకుంది.

అమెరికా అంతా జాంబీస్ కావాలంటోంది, జాంబీస్ లేరు. అప్పుడు మిషిగన్‌లోని డెల్టా ప్రమోషన్స్ అనే సంస్థ సొంతంగా జాంబీస్‌ని తయారుచేసింది. ఒకటి కాదు, రెండు జట్లు. టెక్సస్ జట్టులో నలుగురే ఉన్నారు, అసలు బ్యాండ్‌లో అయిదుగురు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ నలుగురిలో ఇద్దరు, డస్టీ హిల్, ఫ్రాంక్ బేర్డ్, తర్వాత జీజీ టాప్‌తో ప్రపంచ ప్రఖ్యాతులయ్యారు. ఇది నవ్వొచ్చే విషయమే. కానీ జాంబీస్ ముఖాలు ఎవరికీ గుర్తులేకపోవడం వల్లే ఇది సాధ్యమైంది. పాట తెలుసు, పేరు తెలుసు. మనుషులు తెలియదు.

మళ్ళీ కలవమని అసలు బ్యాండ్‌కి డబ్బు ఆశ చూపించారు. కలవలేదు. ఆర్జెంట్ తన పేరే పెట్టుకున్న కొత్త బ్యాండ్‌తో 1972లో 'హోల్డ్ యువర్ హెడ్ అప్' అనే పెద్ద హిట్ ఇచ్చాడు. వైట్ అతనితో కలిసి రాశాడు, నిర్మించాడు. అట్కిన్సన్ రికార్డు కంపెనీల్లో కొత్త బ్యాండ్లను వెతికిపట్టే ఉద్యోగంలో స్థిరపడ్డాడు.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు. పాట రాసినవాడికి డబ్బు రావడం న్యాయమే. తమ వాటాలోంచి స్టీరియోకి డబ్బు పెట్టింది ఆ ఇద్దరే. 1971లో బ్లన్‌స్టోన్ సొంత ఆల్బమ్ 'వన్ ఇయర్'ని నిర్మించిందీ ఆ ఇద్దరే. స్నేహం చెడలేదు. నా అభ్యంతరం మనుషులతో కాదు, 'పాట' అనే మాటకి చట్టం ఇచ్చిన అర్థంతో. కాగితం మీద స్వరాలుగా, మాటలుగా రాయగలిగిందే పాట. బ్లన్‌స్టోన్ ఊపిరి అందులోకి రాదు. గ్రండీ దరువు రాదు. ఇది మార్చలేని నియమమేమీ కాదు. తర్వాత వచ్చిన ఆర్ఈఎమ్ మొదట్నుంచీ పాటలన్నిటి కింద నలుగురి పేర్లూ వేసుకుంది. క్వీన్ పాటల పేర్ల మీద ఏళ్ళ తరబడి పోట్లాడుకుని, 1989 ఆల్బమ్‌లో పాటలన్నిటికీ బ్యాండ్ పేరే పెట్టింది. జాంబీస్ అలా చేసి ఉంటే 1967 డిసెంబర్లో విడిపోయేవాళ్ళు కాదని నేననను. సింగిల్స్ ఎలాగూ పోయాయి. కానీ ఇంకో ఏడాది ఆగడానికి అయిదుగురికీ సమానంగా ఓపిక ఉండేది. వాళ్ళకి కావాల్సింది ఆ ఒక్క ఏడాదే.

'ఆలస్యంగా గుర్తింపు' కథలో దాగిపోయేది ఇదే. గుర్తింపు టేపుకి వచ్చింది. 2008లో నలుగురు కలిసి లండన్‌లో మొత్తం ఆల్బమ్‌ని వేదిక మీద వినిపించారు, నలభై ఏళ్ళ తర్వాత. అట్కిన్సన్ 2004లోనే చనిపోయాడు. 2019 మార్చి 29న రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అయిదుగురి పేర్లూ చేర్చారు. ఆ సభ జరిగింది బ్రూక్లిన్‌లో, 1964లో వాళ్ళు తొలిసారి అమెరికా జనాన్ని చూసిన చోటే.

'టైమ్ ఆఫ్ ద సీజన్' మీకు తెలిసే ఉంటుంది. అరవయ్యో దశకం అని చూపించాలంటే హాలీవుడ్ ఇప్పటికీ ఆ పాటే వేస్తుంది, 2013లో ఎమినెమ్ కూడా దాన్ని వాడుకున్నాడు. మళ్ళీ వింటే మొదటి కొన్ని సెకన్లు జాగ్రత్తగా వినండి. బేస్ గిటార్, ఒక చప్పట, ఒక నిట్టూర్పు. ఇంకా మాటలేవీ మొదలుకాలేదు, కానీ ఏ పాటో అప్పటికే గుర్తుపట్టేస్తాం. రికార్డు మీద ఆ పాట కింద ఉన్నది మాత్రం ఒక్క పేరే, ఆర్జెంట్ అని.