గాలిని పట్టి తెచ్చిన బెలూన్

మే నెలలో తెల్లవారుజామున ప్రొద్దుటూరులో కారు టైర్లకు 32 పాయింట్లు గాలి కొట్టించి, జమ్మలమడుగులో పనులు చూసుకుని, ముద్దనూరు మీదుగా మిట్టమధ్యాహ్నానికి పులివెందుల చేరి గేజీ పెడితే, 36 దాటి చూపించడం మామూలే. లోపలి గాలి 27 డిగ్రీల నుంచి 57కి వేడెక్కింది. మైనస్ 273 నుంచి లెక్కిస్తే అది 300 నుంచి 330. అంటే పదో వంతు పెరుగుదల. పీడనమూ పదో వంతే పెరగాలి. కాకపోతే గేజీ లెక్కలోకి తీసుకోని బయటి గాలి ఒత్తిడి, 14.7 పాయింట్లు, ముందు కలుపుకోవాలి.

టైరులో గాలికి సాగే చోటు లేదు. చోటిస్తే ఏమవుతుందో హైదరాబాద్ ఈసీఐఎల్ ప్రాంతంలోని టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రానికి బాగా తెలుసు.

2005 ఏప్రిల్ 20న అక్కడి నుంచి 2.67 కోట్ల ఘనపుటడుగుల బెలూన్ ఒకటి 459 కిలోల పరికరాలతో లేచింది. లేచేటప్పుడు పైభాగం మాత్రమే ఉబ్బి, మిగతాదంతా ముడుచుకుని వేలాడుతుంది. హైడ్రోజన్ విషయంలో పిసినారితనం కాదది. 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పీడనం నేల మీది దానిలో మూడు వందో వంతు కూడా ఉండదు. అక్కడి చలి కాస్త కుదించినా, వాయువు రెండు వందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. అసలు గండం మధ్యలోనే: మన ప్రాంతంలో 16, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80 డిగ్రీలు. మామూలు ప్లాస్టిక్ పెళుసెక్కి చిట్లిపోతుంది. ఆ చలికి తట్టుకునే పొర కోసం టీఐఎఫ్ఆర్ వాళ్లు చాలా శ్రమపడ్డారు.

ఈ లెక్కలు పాతవే. శాస్త్రవేత్త బాయిల్ 1662లోనే పీడనానికీ పరిమాణానికీ ఉన్న లంకె చెప్పాడు. ఉష్ణోగ్రత సంగతి తేల్చినవాళ్లిద్దరూ బెలూన్ ఎక్కినవాళ్లే. చార్లెస్ 1783 డిసెంబరులో హైడ్రోజన్ బెలూన్‌లో పారిస్ మీద ఎగిరాడు. తర్వాత ప్రయోగాలు చేసి కూడా ప్రచురించలేదు. 1802లో గేలూసాక్ ప్రచురించి, తనకన్నా ముందే చార్లెస్ చూశాడని రాశాడు. పెద్దమనిషి! 1804లో గేలూసాక్ ఒంటరిగా ఏడు కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి సీసాల్లో గాలి పట్టి తెచ్చాడు.

హైదరాబాద్ బెలూన్ వెళ్లిందీ గాలి కోసమే. గాలి తీసేసి, సూక్ష్మజీవులేవీ లేకుండా శుద్ధిచేసిన 16 ఉక్కు గొట్టాలను ద్రవ నియాన్‌లో ముంచి పంపారు. మైనస్ 246 డిగ్రీల దగ్గర లోపలికొచ్చిన గాలి గడ్డకడుతుంది, ఒత్తిడి పడిపోతుంది, మరింత గాలి దూసుకొస్తుంది. ఇక్కడ బాయిల్, చార్లెస్ సూత్రాలు చేతులెత్తేస్తాయి. వాయువు వాయువుగా ఉంటేనే కదా అవి పనిచేసేది!

20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య పట్టిన ఆ గాలి పారాచూట్ మీద దిగింది. దాన్ని హైదరాబాద్ సీసీఎంబీ, పుణె ఎన్‌సీసీఎస్ ప్రయోగశాలలు పరీక్షించాయి. అందులో మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయని 2009 మార్చిలో ఇస్రో ప్రకటించింది: జానిబాక్టర్ హోయిలీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై. ఈ ఆర్యభట్టై తర్వాత మామూలు పొలం మట్టిలోనూ కనిపించింది.