వార్తా ఛానళ్ల స్వీయ నియంత్రణ: ఎన్.బి.డి.ఎ. ఆవిర్భావం, పాత్ర

దేశంలో ప్రైవేటు వార్తా ఛానళ్లు శీఘ్రగతిన విస్తరించిన తరుణంలో, ఉమ్మడి ప్రయోజనాల పరిరక్షణకై వాటి యాజమాన్యాలు 2007 జులైలో న్యూస్ బ్రాడ్‌కాస్టర్స్ అసోసియేషన్‌ను నెలకొల్పాయి. డిజిటల్ వార్తా సంస్థలకూ స్థానం కల్పిస్తూ 2021లో ఇది న్యూస్ బ్రాడ్‌కాస్టర్స్ అండ్ డిజిటల్ అసోసియేషన్ (ఎన్.బి.డి.ఎ.)గా పేరు మార్చుకున్నది.

నేపథ్యం

కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల (క్రమబద్ధీకరణ) చట్టం, 1995 కింద కార్యక్రమాల నియమావళి అమలులో ఉన్నది. అయితే వార్తల మంచిచెడ్డలను ప్రభుత్వమే నిర్ణయించడం భావప్రకటనా స్వేచ్ఛకు భంగకరమని ఛానళ్లు వాదిస్తూ వచ్చాయి. 2007 ఆగస్టులో ఢిల్లీకి చెందిన ఒక ఉపాధ్యాయురాలిపై ప్రసారమైన స్టింగ్ ఆపరేషన్ కల్పితమని పోలీసు దర్యాప్తులో తేలింది. అప్పటికే ఆమె గుంపు దాడికి గురయ్యారు. సంబంధిత ఛానల్ ప్రసారాలను కేంద్రం ఒక నెలపాటు నిలిపివేసింది. బాధితులకు సత్వర ఉపశమనం కల్పించే వృత్తిపరమైన వేదిక ఆవశ్యకతను ఈ ఉదంతం స్పష్టం చేసింది.

ప్రమాణాల ప్రాధికార సంస్థ

భారత మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన 2008 అక్టోబరులో ప్రమాణాల ప్రాధికార సంస్థ పని ప్రారంభించింది. సభ్య ఛానళ్లను మందలించడం, క్షమాపణ ప్రసారం చేయించడం, జరిమానా విధించడం దీని అధికారాలు. మరుసటి నెలలోనే ముంబయి ఉగ్రవాద దాడులు జరిగాయి. భద్రతా దళాల చర్యలను ప్రత్యక్షంగా చూపరాదని అసోసియేషన్ అదే ఏడాది మార్గదర్శకాలు జారీ చేసింది. 2015లో ఈ నిషేధం కేబుల్ నిబంధనలలోనూ చేరింది. తదనుగుణంగా, ఇటువంటి చర్యలు ముగిసేవరకు నియమిత అధికారి ఎప్పటికప్పుడు ఇచ్చే వివరాలకే ప్రసారాలు పరిమితం కావాలి.

ఫిర్యాదు విధానం

2021 జూన్ నాటి సవరణ నిబంధనలు మూడంచెల వ్యవస్థను ఏర్పరచాయి. తొలుత ఛానల్‌కు ఫిర్యాదు చేయాలి. 15 రోజులలో పరిష్కారం లభించని పక్షంలో స్వీయ నియంత్రణ సంస్థను, తదుపరి కేంద్ర ప్రభుత్వ పర్యవేక్షణ యంత్రాంగాన్ని ఆశ్రయించవచ్చు.

పరిమితులు

సంస్థ ఆదేశాలు సభ్య ఛానళ్లకు మాత్రమే వర్తిస్తాయి. కనుక ఫిర్యాదుకు ముందు సదరు ఛానల్ ఏ సంస్థలో సభ్యత్వం కలిగి ఉన్నదో నిర్ధారించుకోవలసి ఉంటుంది. గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలే కావడాన్ని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. స్వీయ నియంత్రణ బలహీనపడితే ప్రభుత్వ జోక్యానికి, విఫలమైతే పౌరుల పరువుకు భంగానికి తావు ఏర్పడుతుంది. ఈ రెంటినీ నివారించడంలోనే సంస్థ సార్థకత ఇమిడి ఉన్నది.