నాన్న విప్పించిన బండి, కొడుక్కి అందని బండి

ఇవాళ ఇంటి గ్యారేజ్‌లో పుట్టిన ఓ బండి కథ.

వందేళ్ల క్రితం కెనడాలోని క్యూబెక్ పల్లెల్లో మంచు పడితే కార్లన్నీ షెడ్డులకే. గుర్రపు స్లెడ్జి ఒక్కటే దిక్కు. వాల్‌కూర్ అనే ఊళ్లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అనే పదిహేనేళ్ల కుర్రాడు, 1922లో ఫోర్డ్ మోడల్ టీ ఇంజన్‌ని స్లెడ్జికి బిగించి, వెనక ప్రొపెల్లర్ పెట్టి వీధిలో నడిపేశాడు. ఆ రెక్కలు ఎవరికి తగులుతాయోనని వాళ్ల నాన్న వెంటనే విప్పించేశారు.

ఇతనే మొదటివాడు అనుకోకండి. అమెరికాలో వర్జిల్ వైట్ అప్పటికే మోడల్ టీ కారుకి ముందు స్కీలు, వెనక ట్రాకులు బిగించే కిట్‌కి పేటెంట్ తీసుకున్నాడు.

1926లో బొంబార్డియర్ సొంత గ్యారేజ్ పెట్టాడు. రిపేర్లు చేస్తూనే మంచు బండి మీద ప్రయోగాలు. 1934 చలికాలంలో రెండేళ్ల కొడుక్కి కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చింది. దారులన్నీ మూసుకుపోయాయి, తన బండేమో ఇంకా సిద్ధం కాలేదు. ఆసుపత్రికి చేర్చలేక బిడ్డను పోగొట్టుకున్నాడు.

అయినా పని ఆపలేదు. మామూలు చక్రం మీద బరువంతా ఒక్కచోటే పడి మంచులో దిగబడిపోతుంది. వెడల్పాటి ట్రాక్ అయితే ఆ బరువును పరుస్తుంది. రబ్బరు తొడిగిన పళ్ల చక్రంతో ఆ ట్రాక్‌ని తిప్పే పద్ధతికి 1937లో పేటెంట్ వచ్చింది. ఏడుగురు కూర్చునే బీ7 బండి రోడ్డెక్కింది. డాక్టర్లు ఇలాంటి బండ్లలోనే రోగుల ఇళ్లకు వెళ్లారు.

మనందరికీ తెలిసిన స్కీ-డూ 1959లో వచ్చింది. సరదా స్వారీల బండిగా పేరు పడింది గానీ, దాని వెనక ఉన్నది ఆసుపత్రికి చేరలేకపోయిన ఓ పసివాడు.