జొన్నమల్లెను లేపిన ఆ పిలుపు ఎవరి కోసం?

మొక్కల హార్మోన్లు అనగానే ఆక్సిన్లు, జిబ్బరెల్లిన్లు, సైటోకైనిన్లు, ఎథిలీన్, అబ్సిసిక్ ఆమ్లం అని గడగడా చెప్పేస్తాం. స్ట్రైగోలాక్టోన్లు ఆ ఐదింటిలో ఉండవు. నేలలోని శిలీంధ్రాన్ని మొక్క తన వైపు ఎలా పెంచుకుంటుందో తెలియాలంటే మాత్రం వీటి చరిత్రే చదవాలి.

ఆ చరిత్ర మొదలైంది ఒక కలుపు మొక్క దగ్గర. జొన్న చేలో మొలిచే జొన్నమల్లె, అంటే స్ట్రైగా, జొన్న వేరులోకి దిగి దాని ఆహారాన్ని లాగేస్తుంది. దుమ్ములాంటి దాని గింజ ఏళ్ల తరబడి నేలలో నిద్రపోతుంది. పక్కకు తగిన వేరు వస్తేనే మొలుస్తుంది. 1956లో ఇది అమెరికాలోని కరొలైనా రాష్ట్రాల మొక్కజొన్న పొలాల్లో బయటపడింది. గింజను లేపుతున్నదేమిటో వెతికిన కుక్ బృందం 1966లో పత్తి వేర్ల స్రావం నుంచి స్ట్రైగాల్‌ను వేరుచేసింది.

ఇక్కడే చిక్కు. పత్తి మీద జొన్నమల్లె బతకలేదు, అయినా పత్తి వేరు దాన్ని లేపుతోంది. జొన్న సంగతి ఇంకా వింత, తనను పీల్చేసే శత్రువును తానే పిలుస్తోంది. ఇంత నష్టం చేసే గుణం పరిణామంలో ఎందుకు మిగిలింది? దాదాపు 40 ఏళ్లు దీనికి సరైన జవాబు లేదు. ఈలోగా అమెరికన్లు నేలలోకి ఎథిలీన్ వాయువు పంపి, పంట లేని సమయంలో గింజల్ని మొలిపించి చంపే పద్ధతి పట్టుకున్నారు. కారణం తెలియకపోయినా పని నడిచిందన్నమాట!

జవాబు 2005లో జపాన్ నుంచి వచ్చింది. అకియామా, మత్సుజకి, హయాషి ఒక చిక్కుడు జాతి మొక్క వేర్ల నుంచి 5-డీఆక్సీస్ట్రైగాల్ తీసి, మైకోరైజా శిలీంధ్రం మీద ప్రయోగించారు. పికోగ్రాముల మోతాదుకే దాని పోగులు గుబురుగా కొమ్మలేశాయి. ఆ శిలీంధ్రం వేరులో కాపురముండి భాస్వరం తెచ్చిస్తుంది, బదులుగా చక్కెర తీసుకుంటుంది. మన రైతులు ‘వామ్’ పేరుతో కొనే జీవన ఎరువు ఈ రకానిదే. పిలుపు మిత్రుడి కోసం, దాన్ని దొంగచాటుగా విన్నది జొన్నమల్లె. మరుసటి ఏడాది, ఈ పదార్థం తగలగానే శిలీంధ్రంలోని మైటోకాండ్రియా చురుకవుతాయని ఫ్రాన్స్ పరిశోధకులు చూపారు.

ప్రిలిమ్స్‌లో తడబడే చోటొకటి: పదార్థం దొరికింది 1966లో, హార్మోన్‌గా గుర్తింపు 2008లో. బఠానీ, వరి మీద చేసిన పరిశోధనల్లో ఇదే మొక్క లోపల పక్క కొమ్మల్ని అణచిపెడుతుందని తేలింది. భాస్వరం తక్కువైతే చాలా మొక్కలు దీన్ని ఎక్కువ తయారుచేస్తాయి. బయట శిలీంధ్రానికి పిలుపు, లోపల కొమ్మల మీద పొదుపు. భాస్వరం ఎరువు దండిగా పడితే పిలుపు తగ్గుతుంది. డీఏపీకి, దాని ముడిసరుకుకు మన దేశం ఎక్కువగా దిగుమతుల మీదే ఆధారపడుతోంది కాబట్టి జీఎస్-3 జవాబులో ఈ మాట పనికొస్తుంది. అయితే శిలీంధ్రం ఉంటే ఎరువే అక్కర్లేదని మాత్రం రాయకండి. అది నేలలో ఉన్న భాస్వరాన్ని అందిస్తుందే తప్ప కొత్తగా పుట్టించదు.

మరి జొన్నమల్లెను ఆపడానికి పిలుపునే ఆపేస్తే? మిత్రుడూ రాడు. 2017లో వెలువడిన ఒక జొన్న జన్యువు కథ అందుకే ఆసక్తికరం. ఆ జన్యువు పోయిన రకాల్లో 5-డీఆక్సీస్ట్రైగాల్ బదులు ఒరొబాంకాల్ ఎక్కువగా వస్తుంది. దానికి జొన్నమల్లె గింజ పెద్దగా లేవదు, శిలీంధ్రం మాత్రం కొమ్మలేస్తుంది.