ప్రోగ్రామింగు భాషలలో అంతర్గత క్వెరీ సౌకర్యాలు

అంతర్గత క్వెరీ అనగా డేటా నుండి కావలసిన వరుసలను ఎంపిక చేయడానికి ప్రోగ్రామింగు భాషలోనే ఉన్న సౌకర్యం. ఇది లేనిచోట ప్రోగ్రామరు లూపులు వ్రాసుకోవాలి, లేదా ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని స్ట్రింగుగా డేటాబేసుకు పంపాలి.

చరిత్ర

ఐబీఎం సంస్థలో ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ప్రకటించిన సీక్వెల్ భాషే తరువాత ఎస్‌క్యూఎల్ అయింది. పైథాన్ 2.0 (2000)లో లిస్ట్ కాంప్రహెన్షన్, సీ షార్ప్ 3.0 (2007)లో లింక్, జావా 8 (2014)లో స్ట్రీమ్స్ చేరాయి. నిజానికి స్ట్రీమ్స్ లైబ్రరీయే గాని వ్యాకరణంలో భాగం కాదు.

ఉదాహరణ

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన రాజాం మండలం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ, సీతంపేట మండలాలు కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారాయి. మండలం, పాత జిల్లా, కొత్త జిల్లా అనే అంశాలున్న పట్టిక నుండి ఇలా మారిన మండలాలు కావాలనుకుందాం. పై మూడు భాషలలోనూ ఇది కొద్ది పంక్తుల పని. తేడా బయటపడేది తప్పు దొర్లినపుడు.

"పాత జిల్లా" అనే అంశం పేరును తప్పుగా వ్రాస్తే సీ షార్ప్, జావా కంపైలర్లు వెంటనే పట్టుకుంటాయి. పైథాన్‌లో ప్రోగ్రాము నడుస్తూ ఆ పంక్తికి వచ్చినపుడే తెలుస్తుంది. పట్టిక ఖాళీగా ఉంటే అప్పుడూ తెలియదు. స్ట్రింగుగా పంపిన ఎస్‌క్యూఎల్‌లోని తప్పు డేటాబేసుకు చేరేదాకా బయటపడదు.

వడపోత ఎక్కడ జరుగుతుంది

కాంప్రహెన్షన్, స్ట్రీమ్స్ సాధారణంగా మెమొరీలోకి వచ్చిన డేటానే వడపోస్తాయి. లింక్ అదే షరతును ఎస్‌క్యూఎల్‌గా మార్చి డేటాబేసుకు పంపగలదు. అయితే షరతుకు ముందే ఫలితాన్ని జాబితాగా మారిస్తే పట్టిక మొత్తం మెమొరీలోకి వస్తుంది. కొన్ని వందల మండలాలకు ఇది లెక్కలోనిది కాదు, లక్షల కుటుంబాల వివరాలైతే ప్రోగ్రాము కుంటుపడుతుంది.

పరిమితులు

డేటాలోని అక్షరభేదాలను ఏ కంపైలరూ పట్టుకోలేదు. కొన్ని వరుసలలో "శ్రీకాకుళం" అని, కొన్నింటిలో "శ్రీకాకుళము" అని ఉంటే మొదటి రూపంతో వెదికినపుడు రెండవ రూపమున్న మండలాలు ఏ హెచ్చరికా లేకుండా జారిపోతాయి. అందుకే జిల్లా పేరుకు బదులు సంఖ్యను వాడడం మేలు. 2011 జనాభా లెక్కలలో శ్రీకాకుళం సంఖ్య 542, విజయనగరం సంఖ్య 543. పార్వతీపురం మన్యం అప్పటికి ఏర్పడలేదు కనుక ఆ జాబితాలో లేదు. దానికి వేరే సంఖ్య చేర్చుకోవాలి.