ఇబ్రహీంపట్నం దగ్గర కలిసే బొగ్గు, నీళ్లు

ఈ పోస్టు కాస్త పొడుగు. ఓపిగ్గా చదవండి.

వాతావరణ మార్పుకి కారణాలు రాయమంటే పరీక్షలో మనమందరం ఒకటే రాస్తాం. పరిశ్రమలు, వాహనాలు, అడవుల నరికివేత. మార్కులు కూడా వేస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఎవరి అడవి, ఎవరి నేల కింది బొగ్గు, ఎవరి ఇంటి కరెంటు కోసం అన్నది ఆ జవాబులో ఉండదు. ఎండకీ వానకీ దెబ్బ తగిలినప్పుడల్లా సర్కారు ఏం చేసింది, దాని ఖర్చు ఎవరి మీద పడింది అన్నది అసలే ఉండదు. నేను చదువుకునే కూచిపూడి కృష్ణా డెల్టాలో ఉంది. ఈ డెల్టా చరిత్రలోకి వెళ్లి ఆ ప్రశ్న అడిగితే జవాబు తిన్నగా మన కొండల్లోకి, మన పేర్లలోకి వస్తోంది. అందుకే రాస్తున్నా.

ముందు ఈ నేల సంగతి. కూచిపూడికి దగ్గరలోనే ఘంటసాల ఉంది, బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన రేవు పట్నం ఇదేనని చరిత్రకారులు అంటారు. ఇప్పుడు అక్కడ నిలబడితే సముద్రం కనపడదు, చుట్టూ వరి చేలే. కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రుతో నేల ముందుకి పెరిగింది, సముద్రం వెనక్కి జరిగింది. డెల్టా అంటే అదే, నది ఏటా మట్టి తెచ్చి పోస్తేనే బతికే నేల. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ పచ్చదనం ఎప్పుడూ ఉన్నది కాదు. 1832-33లో వానలు పోయి గుంటూరు, బందరు ప్రాంతాల్లో భయంకరమైన కరువు వచ్చింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అన్నారు. అప్పటి గుంటూరు జిల్లాలో ఉన్న 5 లక్షల మందిలో లక్షన్నర మందికి పైగా చనిపోయారని లెక్క. నది పక్కనే పారుతోంది, పొలానికి నీళ్లెక్కవు. జనం చచ్చిపోతే శిస్తు కట్టేవాడు లేడు, కంపెనీ సర్కారుకి రాబడి పడిపోయింది. ఆనకట్ట ఆలోచన ముందుకి రావడానికి మనుషుల మీద జాలి ఎంతో, ఈ రాబడి లెక్క కూడా అంతే. కాటన్ దొర ప్రణాళికతో, కెప్టెన్ ఓర్ చేతుల మీదుగా 1852లో మొదలై 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. దాని కింద కాలువలు తవ్వారు. 1952లో ఆనకట్ట తెగితే దాని దగ్గరే 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇప్పుడు సుమారు 13 లక్షల ఎకరాలు దీని మీదే ఆధారం. కాటన్‌కి డెల్టాలో విగ్రహాలు ఊరికే పెట్టలేదు, ఆ పని వల్ల లక్షల మంది అన్నం తిన్నారు. దాన్ని నేను తక్కువ చెయ్యను.

తర్వాత దెబ్బ సముద్రం నుంచి వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడింది. దాదాపు 30 వేల మంది పోయారు. దానికి నెల ముందే కలకత్తాని ఇంకో తుపాను ముంచింది. ఈ తుపాన్లు, వెంట వచ్చిన కరువులు చూశాకే 1875లో భారత వాతావరణ శాఖ పెట్టారు. మనం ఫోన్లో చూసుకునే తుపాను హెచ్చరిక వెనక ఆ రాత్రి చచ్చిపోయిన బందరు జనం కూడా ఉన్నారన్నమాట.

ఆ శాఖ పెట్టిన మరుసటి ఏడే ధాత కరువు మొదలైంది, 1876 నుంచి 78 దాకా. పసిఫిక్ సముద్రం మామూలుకంటే వేడెక్కితే మన రుతుపవనం దెబ్బతింటుంది, దాన్ని ఎల్ నినో అంటారు. ఆ ఏళ్లలో అది చాలా తీవ్రంగా వచ్చింది, ఉత్తర చైనాలో, బ్రెజిల్‌లో కూడా అప్పుడే కరువు. ఇక్కడొక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఆ కరువు మనిషి తెచ్చిన వాతావరణ మార్పు కాదు, ప్రకృతిలో వచ్చే ఊపు. కానీ వాన పోవడం ప్రకృతి, జనం చావడం మాత్రం పరిపాలన. ధాన్యం ఎగుమతి ఆగలేదు. పనుల దగ్గర కూలీకి రోజుకి ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు టెంపుల్ దొర. పౌను అంటే అర కేజీ కూడా కాదు. దక్షిణాదిన, పడమటి సీమల్లో కలిపి 50 లక్షల మందికి పైగా పోయారు. ఆనకట్ట ఉన్న డెల్టా మాత్రం తట్టుకుంది. రాయలసీమ ఎండిపోయింది.

ఇక మన పుస్తకాల్లో లేని భాగం. ఎరుకల వాళ్లలో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల అని తెగలున్నాయి, ఆ పేర్లు చూస్తేనే వాళ్ల పని తెలుస్తుంది. తీరంలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకి మోసుకెళ్లి, అక్కడి గింజలు మార్చుకుని తిరిగొచ్చేవాళ్లు. రోడ్డు లేని ఊరికి ఉప్పు చేర్చింది వాళ్లే. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, పన్ను బిగిసింది. రైలు వచ్చి సరుకుని లాక్కుపోయింది. అడవి మూసేస్తే పశువులకి మేత లేదు. వీటి మీద కరువు పడి ఎద్దులూ గాడిదలూ చచ్చాయి. వ్యాపారం చేసుకునే జనం పదీ ఇరవై ఏళ్లలో పని లేకుండా తిరిగే జనం అయిపోయారు. అప్పుడు సర్కారు వాళ్లకి ఎద్దులు ఇచ్చిందా? లేదు. ముద్ర వేసింది. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలైంది, 1911లో సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. తిరగడమే బతుకైన వాళ్లకి తిరగడమే నేరం. ఆ చట్టం 1952లో పోయింది గానీ ఆ మాట పోలేదు, స్టూవర్టుపురం పేరు మీద సినిమాలు తీస్తూనే ఉన్నారు. కరువుకీ, పన్నుకీ, రైలుకీ బలైన వాళ్ల చరిత్రని దొంగల కథ చేశారు. నాకు దీనంత కోపం తెప్పించే విషయం ఇంకోటి లేదు.

కొండల్లో జరిగింది కూడా దీనికి అతికే ఉంది. వాన పోయిన ఏడాది మన పెద్దలు ఏం తిన్నారు? పోడులో సామలు, కొర్రలు, జొన్నలు కలిపి చల్లుకునేవాళ్లు, ఒకటి పోతే ఒకటి దక్కేది. అన్నీ పోతే గడ్డలు, ఇప్పపువ్వు, జీలుగు కల్లు. కరువు వచ్చినప్పుడు మన పెద్దల గరిసె అడవే. 1882 మద్రాసు అటవీ చట్టం ఆ గరిసెకి తాళం వేసింది. అల్లూరి వెంట మన్యం జనం 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషను మీదికి ఎందుకు పోయారో చదివేటప్పుడు ఈ తాళం కూడా చూడాలి. పోడు వల్లే అడవి పోతోంది, వేడి పెరుగుతోంది అని ఇప్పటికీ మన మీదే వేలు చూపిస్తారు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా ఆ వేలు దిగలేదు.

మరి నిజంగా వేడి పెంచింది ఏంటి? బొగ్గు, చమురు, గ్యాసు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లలో 280 పాళ్లు ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అది భూమి నుంచి బయటికి పోవాల్సిన వేడిని పట్టి ఉంచుతుంది. అమెరికాలో ఒక మనిషి వాటా ఏడాదికి 14 టన్నుల దాకా ఉంటే, మన దేశంలో 2 టన్నులు. ఆ 2 కూడా సగటే, కోయగూడెంలో మనిషికీ హైదరాబాదు విల్లాలో మనిషికీ కలిపి తీసిన సగటు. నీళ్లు నిలబెట్టిన వరి మడి నుంచి మీథేన్ వస్తుంది, అది కూడా వేడి పెంచే వాయువే. కాబట్టి డెల్టాకి వాటా లేదని అనలేం, కానీ అన్నం వాటానీ విమానం వాటానీ ఒకే తక్కెడలో వెయ్యకూడదు.

మన దగ్గర బొగ్గు ఎక్కడ దొరికింది? ఇల్లెందు దగ్గర, సింగరేణి ఊరి పక్కన. భూగర్భ శాఖ విలియం కింగ్ 1871లో కనిపెట్టాడు (నేరస్థ తెగల చట్టం వచ్చిన ఏడాదే). 1889లో తవ్వకం మొదలైంది, అప్పటికే రైలు పట్టాలు బెజవాడ వైపు పరిచేశారు. కోయల నేల కింది బొగ్గు అలా డెల్టాకి దిగింది. 1979లో బెజవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం మొదలైతే అక్కడికి కూడా సింగరేణి బొగ్గు పోయింది, ఒడిశా తాల్చేరు బొగ్గూ వచ్చింది. మా హాస్టల్ ఫ్యాను ఆ కరెంటుతో తిరిగినా తిరుగుతుంది.

ఇప్పుడు డెల్టాకి రెండు వైపుల నుంచీ ఒత్తిడి. సముద్రం వేడెక్కి పెరుగుతోంది. అటు పైన నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి డ్యాములు ఒండ్రుని ఆపేస్తున్నాయి. మట్టి రాని డెల్టా పెరగదు, కుంగుతుంది, తీరం కోసుకుపోతుంది. ఉప్పు నీళ్లు లోపలికొస్తున్నాయి, రొయ్యల చెరువులు ఆ పనిని ఇంకా తొందర చేస్తున్నాయి. వాన కూడా పద్ధతి తప్పింది, రోజుల తరబడి రాదు, వస్తే ఒక్కసారే కొడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, అంతకుముందెప్పుడూ అంత రాలేదు. అప్పుడే బుడమేరు తెగి సింగ్‌నగర్ వైపంతా మునిగింది. ఒక్క వరదని చూపించి ఇదే వాతావరణ మార్పు అనలేం. అలాంటివి తరచు కావడమే దాని గుర్తు.

సమాజం మంచిగా స్పందించిన ఉదాహరణ కూడా ఇక్కడే ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద తాటిచెట్టంత ఉప్పెన పడింది. సర్కారు లెక్కలోనే 10 వేల దాకా చనిపోయారు. వేరే ఊళ్ల నుంచి కూలికి వచ్చినవాళ్లు ఎందరో లెక్కకి అందలేదని ఇప్పటికీ అంటారు. ఆ తర్వాత తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక పద్ధతి బాగుచేశారు. 1990 మేలో అంతటి తుపానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షన్నర మందిని ముందే తరలించారు, చావులు వెయ్యి లోపే. పదమూడేళ్లలో అంత తేడా. చెయ్యాలనుకుంటే చెయ్యగలరు.

కానీ నీళ్ల దగ్గరికొచ్చేసరికి మళ్లీ పాత కథే. కృష్ణలో పైనుంచి నీళ్లు ఆలస్యమవుతుంటే, డెల్టాని నిలబెట్టడానికి 2015లో పట్టిసీమ దగ్గర గోదావరి నీళ్లు ఎత్తి, పోలవరం కుడికాలువలో పంపడం మొదలుపెట్టారు. ఆ నీళ్లు కృష్ణలో కలిసేది ఎక్కడో తెలుసా? ఇబ్రహీంపట్నం దగ్గరే. మన బొగ్గు కాలే చోటికే మన నీళ్లూ వచ్చి చేరుతున్నాయి. అక్కడి నుంచి కాలువల్లో ఈ పొలాలకి. ఇక్కడి రైతుల మీద నాకు కోపం లేదు, నీళ్లు రాకపోతే నారు ఎండే బాధ వాళ్లది. పట్టిసీమ మోటార్ల వల్ల మన ఊరు మునగదు. కానీ ఇదే కాలువకి అసలు నీళ్లు ఇవ్వాల్సిన పోలవరం కింద 370కి పైగా ఆవాసాలు పోతున్నాయి, లక్ష దాకా కుటుంబాలు, అందులో సగం దాకా కోయలు, కొండరెడ్లు, మనవాళ్లే. 2014లో చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలని రాష్ట్రం మార్చేశారు, మునక తేలికగా జరగాలని. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ మండలాల్లో ఊళ్లకి ఊళ్లు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నాయి. పరిహారం అందకముందే మునక అందింది.

డెల్టాలో మనవాళ్లు లేరనుకోకండి. కాలువ కట్టల మీద గుడిసెలేసుకుని, చేపలు పడుతూ, ఎలకలు పడుతూ, చెరువుల కాపలా కాస్తూ ఉండేది యానాదులు. కట్ట మీద ఇంటికి పట్టా ఉండదు. పట్టా లేనివాడికి వరదలో ఇల్లు పోతే నష్టం రాయించుకోవడం గగనం. కట్టలు బలపరిచే పని వస్తే ముందు లేపేది కూడా వాళ్లనే. వరద ముంచినా వాళ్లే పోవాలి, వరదని ఆపే పని వచ్చినా వాళ్లే పోవాలి. వాతావరణ మార్పుని తట్టుకునే పథకాలంటూ ఇకముందు చాలా వస్తాయి, కట్టలు, కాలువలు, కొండల మీద నీటి పంపు విద్యుత్తు కేంద్రాలు, సోలార్ పార్కులు. ప్రతి దానికీ గ్రామసభలో మనం అడగాల్సింది నేల ఎవరిది, నీళ్లు ఎవరికి, పట్టా లేనివాళ్లని ఏ జాబితాలో రాశారు అని. పీసా చట్టం ఉన్న ఊళ్లలో అడిగే హక్కు కాగితం మీద ఉంది.

నేనొక పని మొదలుపెట్టాను. బందరు వైపు ఎరుకల పెద్దల్ని కలిసి, వాళ్ల తాతలు ఉప్పు గాడిదల్ని ఏ దారుల్లో తోలుకెళ్లేవాళ్లో, ఏ ఊళ్లలో ఏ గింజలకి మార్చేవాళ్లో రాసుకుంటున్నా. చీరాల, బాపట్ల వైపు వాళ్లు మీ ఇళ్లలో అడిగి తెలిసింది రాయండి. శబరి, గోదావరి ఒడ్డు ఊళ్ల వాళ్లు 1986 వరద, 2022 వరద మీ ఊళ్లో ఏ చెట్టు దాకా, ఏ గడప దాకా వచ్చాయో ముసలోళ్లని అడిగి ఫొటో తీసి పెట్టండి. ఆ చెట్లు మునిగేలోపే తియ్యండి.