స్వకంఠ కవితాముద్రికలు

కవి తన కావ్యమును తానే చదువగా ధ్వనిగ్రహణము చేసిన నాడా, పలకముద్రిక లీ పేరు వహించును. తిరుగుబాటు కవులలో అమెరికాదేశీయుడైన అలెన్ గిన్స్‌బర్గ్ 'హౌల్' పఠనము 1959లో గ్రామఫోను పలకగా వెలువడినది. తెలుగున ఇందుకు సాటి యనదగినది, 1981లో లండను నగరమున గూటాల కృష్ణమూర్తి శ్రీశ్రీ చేవ్రాతతోనే అచ్చొత్తించిన 'మహాప్రస్థానము' ప్రతికి తోడుగా కవికంఠమును వినిపించు క్యాసెట్టు. 1950లో తొలిసారి గ్రంథరూపము దాల్చిన ఆ కృతి అప్పటికి ముప్పదియేండ్లు పాఠకుల కన్నులయందును, వేదికల గళములయందును తిరుగాడియుండెను.

ఓరుగల్లు ఇట్టి శబ్దసంపదకు సహజక్షేత్రము. 1966లో వరవరరావు ప్రభృతుల పూనికతో 'సృజన' పత్రిక వెలసినదిచటనే. 'నా గొడవ' కర్త కాళోజీ నారాయణరావు (1914–2002) వసించినదిచటనే. కాళోజీ పలుకుబడి యచ్చుకన్న చెవికే చేరువయని ఈ రచయిత యభిప్రాయము.

ఇట్టి ముద్రికల సేకర్త యానందము అక్షరమున దొరకని దానియందున్నది: పాదాంతమున ఆగిన ఊపిరి, తడబడి మరల నందుకొన్న మాట, సభలోని దగ్గు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగమున సాగు నాలుగు మిల్లీమీటర్లకు లోపు వెడల్పుగల క్యాసెట్టు టేపుపై నున్న అయస్కాంతపుపూత తేమకును వేడిమికిని చెడును. చుట్టల మధ్య అయస్కాంతచ్ఛాయ సోకి, రానున్న మాట ముందుగానే సన్నగా వినిపించుటయు కలదు. కావున అరుదైన ప్రతిని వెంటనే డిజిటల్ రూపమునకు మార్చి, మూలమును నిలువుగా, అయస్కాంతములకు దూరముగా నుంచుట యుచితము.